పుస్తకాలకు ఎండ పెట్టిన రెండో శనివారం

నాలుగు రోజుల ముసురు తర్వాత ఇవాళ ఎండ కాసింది. పొద్దున్నే లేచి చూస్తే మా వీధంతా ఆరబెట్టడాలే. తారురోడ్డు మీద సగం మేర ధాన్యం, గోడల మీద బొంతలు, కాలవగట్టున ఎవరివో స్కూలు బూట్లు. కార్తీకంలో ముసురు పట్టిందంటే మా పాలకొల్లు వైపు ఎవరికీ కంటి మీద కునుకుండదు. సార్వా, అంటే తొలి పంట, కోతల టైము. కోసిన పనలు చేలోనే తడిస్తే గింజ మొలకెత్తిపోతుంది. మాకు పొలం లేదు కాబట్టి ఆ దిగులు లేదు. మాకు తడిసేవి పుస్తకాలు.

మా క్రైస్తవ సంఘం పుస్తకాల బీరువా తాళం పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉంటోంది. మందిరం వెనక గదిలో ఇనప బీరువా అది. గోడ చెమ్మ లాగి అడుగు అరలో పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బుతాయి, ఎన్ని కలరా ఉండలు వేసినా పురుగు ఆగదు. ఇవాళ బడికి సెలవు కూడాను. మా ఆయనా నేనూ రెండు గోనెసంచుల్లో మోసుకొచ్చి, పెరట్లో నులకమంచం మీద పాత చీర పరిచి, ఒక్కొక్కటీ తెరిచి పెట్టాం. "సంతలో దుకాణంలా ఉందే" అన్నారాయన. నిజమే, కాకపోతే ధరలుండవు. ఎవరేం పట్టుకెళ్ళినా నోటుబుక్కులో రాసుకోవడమే. వెనక్కి వచ్చేవి సగం.

వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే మాట. "మంచి పుస్తకం ఏదైనా ఇవ్వండి టీచరు గారూ, ఆత్మీయంగా ఉండాలి." మందుల షాపుకెళ్ళి మంచి మాత్ర ఇవ్వమన్నట్టుంటుంది నాకు. మొదట్లో నేనూ ఏమీ ఆలోచించేదాన్ని కాదు. చేతికందిన సాక్ష్యం పుస్తకం తీసి ఇచ్చేసేదాన్ని. జబ్బు నయమైంది, అప్పు తీరింది, అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, అలాంటివి. చదివినవాళ్ళు సంతోషంగానే తెచ్చిచ్చేవారు.

మూడేళ్ళ కిందట మా వెనక వీధి వదినగారికి కూడా అలాగే ఇచ్చాను. చుట్టరికం ఏం లేదు, ఊరి వరస. అన్నయ్యగారికి కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తున్న రోజులు. ప్రార్థనతో నయమైనవాళ్ళ కథలున్న పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, "చదివి వినిపించండి వదినా, ధైర్యం వస్తుంది" అన్నాను. రెండు నెలలకు ఆయన పోయారు. జ్ఞాపకార్థ కూటం అయిన మర్నాడు ఆవిడ ఆ పుస్తకాన్ని పేపర్లో చుట్టి, మా వరండాలో కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. కేకేసి పిలవనైనా లేదు. విప్పి చూస్తే సగంలో ఆసుపత్రి చీటీ ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. అక్కణ్ణించి ముందుకు సాగలేదన్నమాట. ఆ పుస్తకం పేరు ఇక్కడ రాయను. తప్పు దానిది కాదు, తీసుకెళ్ళి ఆ ఇంట్లో పెట్టిన నాది.

అప్పట్నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. బాధలో ఉన్న ఇంటికి, అడిగింది అడిగినట్టు దొరికినవాళ్ళ పుస్తకం పంపను. దొరక్కపోయినా దేవుడి చెయ్యి వదలనివాళ్ళది పంపుతాను. అలా వెతుక్కుంటూ పోతే, కాలానికి నిలబడ్డ పుస్తకాల్లో చాలావరకు అవేనని తెలిసింది.

ఇవాళ మంచం మీద మొదట పెట్టింది కోరీ టెన్ బూమ్ ‘ది హైడింగ్ ప్లేస్’. 1971లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. హాలండులో హార్లెమ్ అనే ఊళ్ళో గడియారాలు బాగుచేసే కుటుంబం వాళ్ళది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దేశాన్ని ఆక్రమించినప్పుడు యూదుల్ని ఇంట్లో దాచారు. కోరీ పడగ్గదిలో ఉత్తుత్తి గోడ ఒకటి కట్టి, దాని వెనక మనుషులు నిలబడేంత చోటు చేశారు. 1944 ఫిబ్రవరి 28న పోలీసులు వచ్చి ఇంట్లోవాళ్ళని పట్టుకుపోయారు గానీ, గోడ వెనకున్న ఆరుగురు మాత్రం దొరకలేదు. ఎనభై నాలుగేళ్ళ తండ్రి పది రోజులకే కన్నుమూశాడు. కోరీ, అక్క బెట్సీ చివరికి జర్మనీలో రావెన్స్‌బ్రుక్ అనే ఖైదీల శిబిరంలో తేలారు. అక్కడ పడకల నిండా నల్లుల్లా కుట్టే పురుగులు. వాటి కోసం కూడా దేవుడికి స్తోత్రం చెప్పాలంటుంది బెట్సీ. కోరీకి అస్సలు మనసొప్పదు. ఆ పురుగులకు భయపడే కాపలావాళ్ళు లోపలికి రావడం లేదనీ, అందుకే బైబిలు చదువుకోగలుగుతున్నామనీ తర్వాత తెలుస్తుంది.

ప్రసంగాల్లో ఈ పురుగుల కథ చాలాసార్లు విన్నాను. అందరూ అక్కడే ఆపేస్తారు, అదే నాకు నచ్చదు. ఆ డిసెంబరులోనే బెట్సీ అక్కడ చనిపోయింది. తర్వాత కొద్ది రోజులకే కోరీని వదిలేశారు, అదీ ఆఫీసు కాగితాల్లో పొరపాటు వల్ల. ఒకరు ఎందుకు బయటికొచ్చారో ఇంకొకరు ఎందుకు రాలేదో ఆవిడ లెక్క తేల్చే ప్రయత్నం చెయ్యదు. అందుకే ఆ పుస్తకం మీద నాకు గురి.

దాని పక్కన ‘ఎడారిలో సెలయేర్లు’, మూడు కాపీలూ. మా బీరువాలో ఎక్కువ చేతులు మారింది ఇదే, అట్టలు రెండుసార్లు మార్చాను. రోజుకో పేజీ చొప్పున ఏడాదంతా చదువుకునే పుస్తకం. రాసిన లెట్టీ కౌమన్ భర్తతో కలిసి జపానులో సేవ చేసింది. ఆయన గుండె జబ్బు పడితే అమెరికా తిరిగి వెళ్ళి, ఆరేళ్ళు మంచం పక్కన కూర్చుని కనిపెట్టుకుంది. ఆయన 1924లో పోయాడు, పుస్తకం 1925లో వచ్చింది. రోగి పక్కన మేలుకున్న రాత్రుల్లోంచి వచ్చిందన్నమాట. ఆ సంగతి నాకు ముందే తెలిసుంటే వదినగారికి ఇదే ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇద్దామంటే మొహం చెల్లడం లేదు. మందిరంలో "వందనాలండి" అంటే "వందనాలు" అంటుంది, అంతే.

పదింటికి డీఎస్సీకి చదువుతున్న కుర్రాడొచ్చాడు. మోటివేషన్ పుస్తకం కావాలిట. పొద్దున్నే నాలుగింటికి లేచి చల్లనీళ్ళు పోసుకోమనే రకం పుస్తకాలు నా దగ్గర లేవని చెప్పి, ‘యాత్రికుని ప్రయాణము’ ఇచ్చాను. ముఖం చిట్లించాడు, గ్రాంథికం చూసి. మొదటి పది పేజీలు పైకి చదువు, తర్వాత అదే లాక్కెళ్తుంది అన్నాను. రాసిన జాన్ బన్యన్ గిన్నెలకు మాట్లు వేసుకునే మనిషి. అనుమతి లేకుండా ప్రసంగాలు చేస్తున్నాడని పన్నెండేళ్ళు బెడ్‌ఫర్డ్ జైల్లో పెట్టారు. పుస్తకం 1678లో అచ్చయింది. కథానాయకుడు బయల్దేరిన కాసేపటికే నిరాశ అనే ఊబిలో దిగబడిపోతాడు. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లప్పుడు మోకాలి దాకా అడుసులో దిగినవాళ్ళకి ఆ పేజీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంకాస్త ముందుకెళ్తే అనుమానాల కోటలో ఒక రాక్షసుడు బంధిస్తాడు. చావగొడతాడు. రోజులు గడిచాక గుర్తొస్తుంది ఇతనికి, ఆ కోట తాళాలన్నీ తీసే చెవి తన రొమ్ము దగ్గరే ఉందని.

"అన్ని రోజులు ఎలా మర్చిపోయాడండి?" అన్నాడు వాడు.

"మొన్న పరీక్ష హాల్లోంచి బయటికొచ్చాక జవాబులన్నీ గుర్తొచ్చాయన్నావు కదరా."

నవ్వి పట్టుకెళ్ళాడు. నాకు ఇష్టమైంది మాత్రం చివరి అధ్యాయం, వంతెన లేని నది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డప్పుడల్లా అదే గుర్తొస్తుంది. పుస్తకంలో పంటు కూడా ఉండదు, దిగి నడవాల్సిందే. అంత దూరం వచ్చిన మనిషి కూడా ఆ నీళ్ళలో భయపడి మునిగిపోబోతాడు. పక్కనున్న స్నేహితుడు తల పైకెత్తి పట్టుకుని నడిపిస్తాడు. గెలిచినవాడిలా ఒడ్డెక్కించకుండా భయపడినవాడిలా ఎక్కించాడే బన్యన్, ఆ నిజాయితీకి దండం పెట్టాలి.

పాత ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని ముట్టుకుంటే పొడి రాలుతోంది. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు వైపు వచ్చి స్థిరపడ్డప్పటి నుంచీ ఈ డెల్టాలో ఇలాంటి పుస్తకాలు ఇల్లిల్లూ తిరుగుతూనే ఉండి ఉంటాయి. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేదు. వాటిని ఎండలో పెట్టడానికి భయమేసి వరండా నీడలోనే ఉంచాను.

పండిత రమాబాయి జీవితం గురించిన పుస్తకం పక్కింటి ఇంటర్ అమ్మాయికని విడిగా తీశాను. చదువెందుకు, సంబంధం చూద్దాం అంటున్నారు వాళ్ళింట్లో. రమాబాయి 1858లో పుట్టింది. ఊరంతా తప్పు పట్టినా తండ్రి భార్యకి సంస్కృతం నేర్పాడు, ఆ తల్లి కూతురికి నేర్పింది. కరువులో తల్లిదండ్రులు పోతే, అన్నతో కలిసి కాలినడకన దేశం తిరిగింది. పెళ్ళైన కొద్దికాలానికే భర్త పోయి, చంటిపిల్లతో మిగిలింది. తర్వాత పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదనం పెట్టి, కరువులో దిక్కులేని ఆడపిల్లల్ని వందల్లో తెచ్చుకుంది. బైబిల్ని మరాఠీలోకి తనే అనువదించింది. ఆవిడ క్రైస్తవురాలైందని మనవాళ్ళు మురిసిపోతారు గానీ, తనకి బాప్తిస్మం ఇచ్చిన దొరలతో కూడా నమ్మకాల విషయంలో వాదించింది. ఎవరు చెప్పినా ఊరికే తలూపే మనిషి కాదు. ఆ అమ్మాయికి కావాల్సింది ఆ ముక్కే.

ప్రశ్నలు వేసే ఇంజనీరింగ్ కుర్రాళ్ళకి సి.ఎస్. లూయిస్ ‘మియర్ క్రిస్టియానిటీ’ ఉంది. యుద్ధకాలంలో రేడియోలో చేసిన ప్రసంగాలే 1952లో పుస్తకమయ్యాయి. నాకు రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు.

మధ్యాహ్నం అన్నం తింటుంటే కువైట్ నుంచి చెల్లెలి వాయిస్ మెసేజ్. సొంత చెల్లెలు కాదు, నా దగ్గర చదువుకున్న పిల్ల తల్లి. ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. పుస్తకం పంపే వీలు లేదు, చదివే తీరిక అంతకన్నా లేదు, అందుకని వారానికో పుస్తకం నేనే కథలా చెప్పి పంపుతుంటాను. పోయిన వారం బ్రదర్ లారెన్స్ గురించి చెప్పాను. మూడు వందల ఏళ్ళ కిందట పారిస్ మఠంలో వంటవాడు. వంటిల్లంటే మొదట్లో బొత్తిగా ఇష్టం లేదు ఆయనకి. అయినా గిన్నెల చప్పుడు మధ్య ఉన్నా, మోకాళ్ళ మీద ఉన్నా దేవుడు ఒకేలా దగ్గరుంటాడని అలవాటు చేసుకున్నాడు. 1691లో ఆయన పోయాక ఉత్తరాలూ మాటలూ కలిపి చిన్న పుస్తకం వేశారు. నీకోసమే రాసినట్టుందే అని గొప్పగా ముగించాను.

ఇవాళ జవాబు. "కథ బాగుందక్కా. కానీ ఆయనకి వంటింట్లోంచి బయటికొస్తే గుడి ఉంది. నాకు శుక్రవారం కూడా సెలవివ్వడం లేదు. మందిరానికి వెళ్ళి ఏడు నెలలైంది. నువ్వు చెప్పిందీ నాదీ ఒకటెలా అవుతుంది?"

చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. మళ్ళీ అదే పని చేశాను కదా, చక్కగా సరిపోయిందనుకుని ఇచ్చేయడం. ఏం చెప్పాలో తెలియక, చివరికి ఆదివారం కూటంలో పాడే కీర్తనలు ఫోన్లో రికార్డు చేసి పంపుతానన్నాను. "అది పంపక్కా ముందు" అని వచ్చింది.

నాలుగయ్యేసరికి ఎండ వాలింది. పుస్తకాలు దులిపి సంచుల్లో సర్దుతుంటే పెరటి తలుపు దగ్గర వదినగారు. తెల్ల సంచితో, రేషను బియ్యం తెచ్చుకుని వెళ్తోందనుకుంటాను. మూడేళ్ళలో మా పెరట్లోకి రావడం ఇదే మొదటిసారి. నేను గబగబా ‘ఎడారిలో సెలయేర్లు’ చేతిలోకి తీసుకున్నాను, ఈసారైనా ఇద్దామని. ఆవిడ అది చూడనేలేదు. మంచం చివర, పదకొండేళ్ళలో ఎవరూ ముట్టని అడుగు అర పుస్తకాల వైపు చూస్తోంది.

"జాషువా అని ఉంది. కాటిసీను పద్యాల జాషువా గారేనా?"

"ఆయనే వదినా. ‘క్రీస్తు చరిత్ర’. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది దీనికి." నాలో టీచరు ఆగదు కదా.

బహుమతి సంగతి ఆవిడకి పట్టలేదు. "మీ అన్నయ్య వయసులో ఉండగా హరిశ్చంద్ర వేసేవారు. జాషువా గారి పద్యాలు పాడటానికే ఆ వేషం ఒప్పుకునేవారు. డయాలసిస్ నుంచి వచ్చేటప్పుడు ఆటోలో కూడా అవే. ఆటో అబ్బాయి స్పీడు తగ్గించేవాడు, వినడానికి." పుస్తకం తెరిచి, ఉబ్బిన పేజీని అరచేత్తో సాపు చేసింది. "ఈయన యేసుప్రభువు మీద కూడా రాశారని ఆయనకి తెలిసినట్టు లేదు. తెలిస్తే ఊరుకునేవారు కాదు."

"పట్టుకెళ్ళండి వదినా."

"నాకు పద్యం చదవడం రాదమ్మా, వినడమే. అర్థం కానిచోట వచ్చి అడుగుతాను, చెప్దువుగాని."

"ఆయ్, తప్పకుండా" అన్నాను. బియ్యం సంచిలో నలగకుండా కొంగులో చుట్టుకుని వెళ్ళింది. నోటుబుక్కులో పేరూ తేదీ రాసి, బీరువా తాళం వేసి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఆ పుస్తకం నేనే సగం దాటి చదవలేదని. ఉన్న ఒక్క ప్రతీ ఆవిడ దగ్గరే ఉంది.