పదకొండు మీదే కన్ను

నవంబరు 16, 2014, ఆదివారం
బ్లూమింగ్టన్, ఇండియానా

పొద్దున లేవగానే ఆకులు ఊడ్చే పని పెట్టుకున్నాను. రాత్రి గాలికి మేపుల్ చెట్టు మీద మిగిలినవన్నీ ఒక్కసారిగా రాలాయి. తొమ్మిది సంచులు నింపి పదోది విప్పుతుండగా పక్కింటి పెద్దాయన గరాజు తలుపు ఎత్తి, "కాస్త చెయ్యి వేస్తావా?" అని పిలిచారు. అటక మీది పెట్టెలు దించాలట. మోకాళ్ళ నొప్పులతో ఆయన నిచ్చెన ఎక్కడం మానేసి రెండేళ్ళయింది.

ఎన్ని దించాలని అడిగాను. "అన్నీ" అన్నారు.

ప్రతి నవంబరులోనూ ఆయన చేసే పని నాకు తెలుసు. కార్ల రేసుల సీజను ముగియగానే ఆ ఏడాది టికెట్ల ముక్కలు, కార్యక్రమ పుస్తకాలు, పేపరు కత్తిరింపులు ఒక అట్టపెట్టెలో సర్ది, మూత మీద సంవత్సరం రాసి అటక మీదికి చేరుస్తారు. రెండేళ్ళుగా చేర్చేది నేను. ఈసారి ఒక పెట్టె పైకి ఎక్కవలసిన రోజున అన్నీ కిందికి దిగాయి. అడుగున ఉన్న పెట్టె మూత మీద 1978 అని ఉంది. ఎందుకు దింపిస్తున్నారో అడగలేదు.

ఈ నెల మొదట్లో నార్త్ కరొలినాలోని షార్లెట్ మట్టి ట్రాక్ మీద స్ప్రింట్ కార్ల సీజను ముగిసింది. పదకొండో నంబరు కారు నడిపే స్టీవ్ కిన్సర్ పూర్తి సీజను నడపడం దానితో ముగిసింది. ఇకముందు ఎక్కడైనా ఒకటి రెండు రేసుల్లో కనిపిస్తారేమో కానీ, ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో బయలుదేరి నవంబరుదాకా ఊరూరా తిరిగే ఆ దండులో ఆయన కారు ఉండదు. ఆయనకు అరవై ఏళ్ళు. ఏడాది ముందే తెలిసిన సంగతే. ఈ సీజను మొత్తం రాజుకు వందనం అన్న పేరుతోనే జరిపారు, రాజు అంటే ఆయనే. ఏ ట్రాక్‌కు వెళ్ళినా జనం లేచి నిలబడ్డారు. తెలిసి ఏడాదయినా ఈ రెండు వారాలుగా పెద్దాయన గరాజులో రేడియో మోగలేదు.

కిన్సర్ ఈ ఊరి మనిషి. తండ్రి బాబ్ కిన్సర్ కూడా స్ప్రింట్ కార్లు నడిపినవారే. ఊరి బయట పావు మైలు ఎర్రమట్టి ట్రాక్ ఉంది. వేసవి శుక్రవారాల్లో సాయంత్రం గాలి ఇటు తిరిగితే ఇంజన్ల మోత మా వంటగదిలోకి వినిపిస్తుంది. ఈ ఊళ్ళో దిగిన మొదటి వేసవిలో ఆ మోతను ఏదో కార్ఖానా శబ్దం అనుకున్నాను. అది రేసు అని చెప్పి, వచ్చే శుక్రవారం బయలుదేరమన్నది ఈ పెద్దాయనే. జీవితమంతా ఇక్కడి సున్నపురాయి గనుల్లో పని చేసిన మనిషి. మాట తక్కువ. ఆ సాయంత్రం మాత్రం ట్రాక్‌కు వెళ్ళే దారి పొడవునా మాట్లాడారు.

స్ప్రింట్ కారును మొదటిసారి దగ్గరగా చూసినవాళ్ళు అదొక కారు అని నమ్మడం కష్టం. డ్రైవరుతో కలిపి సుమారు 630 కిలోల బరువు, దాదాపు 900 హార్స్‌పవర్ ఇంజను, నెత్తిన ఇంటి తలుపంత వెడల్పున అల్యూమినియం రెక్క, దాన్నే వింగ్ అంటారు. తాగేది మిథనాల్. నాలుగు చక్రాల్లో ఏ రెండూ ఒకే కొలతలో ఉన్నట్టు కనిపించవు, కుడి వెనక చక్రం అన్నిటికంటే పెద్దది. తనంత తాను స్టార్ట్ కాదు, వెనక నుంచి ట్రక్కు నెట్టాలి. మలుపులో ఎడమకు తిరుగుతూ ముందు చక్రాలు కుడికి చూస్తాయి, కారు పక్కకు జారుతూనే ముందుకు పోతుంది. లోపల ఉన్నవాడు తన బృందంతో రేడియోలో మాట్లాడలేడు. అంత జనం మధ్య, అంత మోతలో ఒక్కడే.

నాకు మొదట్లో ఏమీ అర్థం కాలేదు. ఆ మరుసటి ఏడు పెద్దాయన నన్ను ఒహాయోలో ఎల్డోరాకు తీసుకువెళ్ళారు. అర మైలు ట్రాక్, గిన్నెలా వాలిన మలుపులు. ఇరవై నాలుగు కార్లు నాలుగేసి వరుసలుగా సాగుతూ గ్రాండ్‌స్టాండ్‌కు వందనం చేశాయి, తర్వాత పచ్చజెండా ఊపారు. ఒక్క నిమిషంలో ఎవరు ముందో ఎవరు ఒక ల్యాప్ వెనకో తెలియకుండా పోయింది. బంకమట్టి పెళ్ళలు మా మీద పడుతున్నాయి. నేను అటూ ఇటూ తల తిప్పుతుంటే ఆయన నా భుజం పట్టుకుని, చెవి దగ్గర అరిచి చెప్పారు: "అందరినీ చూడకు. పదకొండును ఒక్కదాన్నే చూడు. ఆట అదే తెలుస్తుంది."

పదకొండును చూశాను. నిజంగానే ఆట తెలిసింది.

మట్టి ట్రాక్ ఒక రాత్రిలో నాలుగైదు ట్రాక్‌లవుతుందని ఆ కారును చూసే నేర్చుకున్నాను. సాయంత్రం నీళ్ళు చల్లిన మట్టి జిగురుగా చక్రాన్ని పట్టుకుంటుంది. ఆ పూట ఎవరైనా వేగంగానే పోతారు. హీట్ రేసులు, అంటే ముందుగా జరిగే చిన్న పోటీలు, నడిచేకొద్దీ తేమ పోతుంది, లోపలి వైపు అద్దంలా నున్నబడి నల్లగా మెరుస్తుంది. చక్రాలు విసిరిన వదులు మట్టి బయటి అంచుకు చేరి చిన్న గట్టు కడుతుంది. దాన్ని కుషన్ అంటారు. కుడి వెనక చక్రాన్ని ఆ గట్టుకు ఆనిస్తే పట్టు దొరుకుతుంది. జానెడు దాటితే గోడ. ఈ గట్టు ల్యాప్ ల్యాప్‌కూ జరుగుతూ ఉంటుంది. ముందు ల్యాప్‌లో ఉన్నచోట మళ్ళీ ఉండదు. మిగతావాళ్ళంతా బయటి అంచున పోటీ పడుతుండగా పదకొండు ఒక్కటే ఉన్నట్టుండి కిందికి దిగేది. ఎందుకు దిగిందో నాకు అర్థమయ్యేది కాదు. రెండు ల్యాపుల తర్వాత పైన గట్టు చెదిరిపోయేది, అక్కడున్నవాళ్ళు తడబడేవారు, కింద ఎక్కడో మిగిలిన చారెడు తేమ మీద పదకొండు ముగ్గురిని దాటి వెళ్ళేది. మట్టి మారబోతోందని కిన్సర్‌కు ముందే ఎలా తెలిసేదో నేను ఇప్పటికీ చెప్పలేను. చూసిన ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది.

అంకెలు పెద్దాయనకు కంఠతా వచ్చు. వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ అనే ఊరూరా తిరిగే స్ప్రింట్ కార్ల పోటీలను టెడ్ జాన్సన్ 1978లో మొదలుపెడితే, మొదటి ఏడాది టైటిలే కిన్సర్‌ది. చివరిది 2005లో. మొత్తం ఇరవై. ఫీచర్ రేసుల్లో, అంటే రాత్రి చివర జరిగే అసలు పోటీల్లో, గెలుపులు 577. అయోవాలోని నాక్స్‌విల్ నేషనల్స్ అనే పెద్ద పోటీ పన్నెండు సార్లు. అంకెలు చెబుతున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంటుంది. గొంతు మారేది 1995 పెట్టె తీసినప్పుడు.

ఆ ఏడాది కిన్సర్ మట్టిని వదిలి, తారు ట్రాక్‌ల మీద జరిగే పెద్ద కార్ల పోటీలైన నాస్కార్‌కు వెళ్ళారు. అంతకు ముందు ఏడాదే అలబామాలోని టల్లడేగాలో, వేర్వేరు పోటీల మేటి డ్రైవర్లు ఒకే రకం కార్లతో తలపడే ఐరాక్ రేసు గెలిచి, తారు ట్రాక్ మీద కూడా తాను ఎవరికీ తీసిపోనని చూపించారు. పెద్ద డబ్బు, పెద్ద పేరు అక్కడే ఉన్నాయి. వెళ్ళడం సహజం. కొద్ది రేసులకే అది కుదరక తిరిగి వచ్చేశారు. పేపర్లు దాన్ని ఓటమి అని రాశాయట. పెద్దాయన ఆ పెట్టెలో నాస్కార్ కాగితం ఒక్కటీ దాచలేదు. తిరిగి వచ్చాక మట్టి మీద చూసిన రేసు టికెట్టు మాత్రం విడిగా ఒక కవరులో పెట్టుకున్నారు. "మా దగ్గరికి వచ్చేశాడు" అన్నారు, ఆ కవరు చూపిస్తూ. రెండేళ్ళ తర్వాత కిన్సర్ ఇండియానాపొలిస్ 500 అనే ప్రసిద్ధ రేసులో కూడా నడిపి పద్నాలుగో స్థానంలో ముగించారు. ఆ టికెట్టు కూడా ఉంది, కానీ కవరు లేకుండా.

నాకు ఆ కవరు చూస్తే మనసు ఎలాగో అయింది. గెలుపులన్నీ కట్టలు కట్టి ఉన్నాయి, విడిగా దాచుకున్నది మాత్రం ఒక తిరిగిరావడం.

పదకొండింటికి మా అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేల మీద పరిచిన ఫొటోలు చూసింది, పెద్దాయన ముఖం చూసింది, నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఈయన చనిపోయారా నాన్నా?" అని అడిగింది. తెలుగులో అడిగినా పెద్దాయనకు అర్థమైంది. "లేదమ్మా, బాగున్నాడు. ఇవాళ ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటాడు. అది మంచిదే" అన్నారు. అది మెడ విరిగే ఆట అని ఆయనకు తెలుసు. ఈ ట్రాక్‌ల మీద ప్రాణాలు పోవడం కళ్ళారా చూసినవారు. కిన్సర్ తన కాళ్ళ మీద తాను నడిచి కారు దిగడం నిజంగా పండగ చేసుకోవలసిన సంగతి. అమ్మాయి తల ఊపి, "మరి ఎందుకు బాధపడుతున్నారు?" అంది. ఆయన కాసేపు ఆలోచించారు. "వచ్చే ఏడు ట్రాక్‌కు వెళ్తే ఎటు చూడాలో తెలియదు" అన్నారు.

నేను రెండు వారాలుగా వెతుక్కుంటున్న మాట అదే. కిన్సర్ గెలవాలన్న కోరిక నాకు ఎప్పుడో తగ్గిపోయింది. ఈ రెండు మూడేళ్ళలో ఆయన పన్నెండో స్థానంలో, పదిహేనో స్థానంలో ముగించిన రాత్రులు చాలా చూశాను. గెలవకపోయినా కన్ను అక్కడే ఉండేది. ట్రాక్ ఎలా ఉందో, గట్టు ఎక్కడ కడుతోందో, ఎవరు తొందరపడుతున్నారో అంతా ఆ కారు ద్వారానే తెలిసేది. ఆ కారు తీసేస్తే నాకు మిగిలేది మొదటి రోజు చూసిన దుమ్మే.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్ళాను. ఆకుల పని అలాగే ఉండిపోయింది.

నేను వెళ్ళేసరికి పెద్దాయన ఫోనులో ఉన్నారు. అటువైపు టెనెసీలో ఉండే ఆయన బావమరిది. ముప్ఫై ఏళ్ళకు పైగా కిన్సర్‌కు పోటీగా నడిపే సామీ స్విండెల్ అభిమాని. స్విండెల్ 1981, 82ల్లో టైటిల్ తీసుకుపోయినప్పటి నుంచి ఈ ఇద్దరి మధ్య పండగ భోజనాల దగ్గర రేసుల ప్రస్తావన తేకూడదని ఇంటి ఆడవాళ్ళు నియమం పెట్టారట. ఆ మనిషి ఇవాళ తనంతట తాను ఫోను చేశాడు. పెద్దాయన చాలాసేపు వింటూ ఉన్నారు, మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకున్నారు. ఫోను పెట్టేశాక చెప్పారు: ఎప్పుడో ఒక రాత్రి స్విండెల్‌ను చివరి మలుపులో కిన్సర్ దాటినప్పుడు, బావమరిది లేచి నిలబడి చప్పట్లు కొట్టాడట. పక్కన తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పాలనిపించిందట.

మరి మీరు ఎప్పుడైనా కిన్సర్‌తో మాట్లాడారా అని అడిగాను. ఒకే ఊళ్ళో ఉంటూ, ఇన్ని వందల రాత్రులు చూసి, మాట్లాడకుండా ఉండరనుకున్నాను. ఒక్కసారి, అన్నారు. రేసు అయ్యాక సంతకాల కోసం ట్రెయిలర్ దగ్గర వరుసలో నిలబడ్డారట. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకున్నారు. మెకానిక్ కార్ల్ కిన్సర్ కట్టిన కార్ల గురించి, తన తండ్రితో కలిసి బాబ్ కిన్సర్‌ను చూడడం గురించి. వంతు వచ్చేసరికి అన్నీ పోయి, "బాగా నడిపారు" అని ఒక్క మాట అన్నారు. అటు నుంచి "థాంక్యూ" అని వచ్చింది. వెనకవాడు ముందుకు జరిగాడు. ఆ పుస్తకం మీద సంతకం నాకు చూపించారు. మట్టి వేలిముద్ర కూడా ఉంది.

ఆ మాట చాలు అనిపించింది నాకు. ట్రాక్ చుట్టూ కిన్సర్ చేసిన పనికి అంతకంటే సరైన మాట ఏదీ తోచలేదు.

సాయంత్రం నాలుగున్నరకు 2014 పెట్టె సర్దాం. షార్లెట్‌కు ఆయన వెళ్ళలేకపోయారు, కాబట్టి చివరి టికెట్టు లేదు. బదులుగా ఆ మర్నాటి పేపరు ముక్క పెట్టారు. ఎల్డోరా కంచె దగ్గర నాకు దొరికిన హెల్మెట్ ప్లాస్టిక్ పొర ఒకటి ఇంట్లో ఉంది. ముఖం మీద మట్టి పడ్డప్పుడల్లా డ్రైవర్లు లాగి పారేసే పొర అది. ఎవరిదో తెలియదు. అదీ పెట్టనా అని అడిగితే, నీ దగ్గరే ఉంచుకో అన్నారు. పెట్టెలన్నీ తిరిగి అటక మీదికి చేర్చాను. మూతల మీది సంవత్సరాలు వరసగా కనిపించేలా బయటికి తిప్పి పెట్టమన్నారు. కింద నిలబడి ఒక్కొక్కటీ చదివి సరిచూసుకున్నారు. నిచ్చెన మడిచాక, ఏప్రిల్‌లో మన ఊరి ట్రాక్ తెరుస్తారు, వస్తావు కదా అన్నారు. వస్తానన్నాను.

రాత్రి అందరూ పడుకున్నాక ఫోనులో పాత వీడియో ఒకటి తీశాను. ఎల్డోరాలో నేనే తీసింది, నాలుగు నిమిషాలు. ఈసారి పదకొండును వదిలేసి మిగతావాళ్ళను చూద్దామనుకున్నాను, ఏప్రిల్‌కు అలవాటు కావాలి కదా. చూడలేకపోయాను. ఫోను కూడా పదకొండు వెంటే తిరిగింది, తిప్పింది నేనే. మిగతా కార్లు అంచుల్లోంచి వచ్చి, దాన్ని తాకబోతున్నట్టు దగ్గరై, అంచుల్లోంచే పోతున్నాయి. ఒక కారు మాత్రం మూడుసార్లు వచ్చింది. ఎర్ర ముక్కు, వింగ్ మీద నంబరు సగం మట్టి కప్పేసింది. మూడోసారి పదకొండు పక్కన నిండు మలుపంతా నిలబడింది, వెనకపడలేదు. ఎవరిదో ఆ కారు. నంబరు చదువుదామని వీడియో మళ్ళీ మొదటికి తెచ్చాను.