తెలంగాణ సాయుధ పోరాటాన్ని చరిత్రగా, సాహిత్యంగా కలిపి చదవడం: గ్రూప్-1 మెయిన్స్ ప్రిపరేషన్ అనుభవాలు

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న మిత్రులకు, సిలబస్ మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన భాగాన్ని నేను ఎలా చదివానో వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నిజాం రాజ్యంలో పౌరహక్కుల కోసం సాగిన ఆందోళనలు, రైతాంగ సాయుధ పోరాటం, ఆ పోరాటం ముగిసిన తర్వాత కూడా ఆగని కుల సంఘర్షణ మనకు ఒకే పేపర్లో ఎదురుకావు. రెండో పేపర్లో చరిత్రగా, మూడో పేపర్లో సమాజం, రాజ్యాంగం కింద, ఆరో పేపర్లో రాష్ట్ర ఉద్యమానికి నేపథ్యంగా ఇవే అంశాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకే వీటికి వేర్వేరు నోట్సులు పెట్టుకోకుండా ఒకే నోట్సు రాసుకున్నాను. ఎడమ పేజీలో ఘటనలు, కుడి పేజీలో ఆ ఘటనల చుట్టూ వచ్చిన రచనలు. ప్రతి రచన పక్కనా రెండు కాలాలు వేసుకున్నాను: కథ జరిగిన కాలం ఒకటి, పుస్తకం వెలువడిన కాలం మరొకటి. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో గమనించడం వల్లనే నా జవాబులకు బలం వచ్చిందని నమ్ముతున్నాను.

చాలామంది ఈ అధ్యాయాన్ని 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య అమరుడైన ఘటనతో మొదలుపెడతారు. నేను మాత్రం పాతికేళ్లు వెనక్కి వెళ్లమంటాను. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటర్లో, మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో, ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అది క్రమంగా ఆంధ్ర మహాసభగా ఎదిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సభ జరుపుకొంది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 వంటి ఆంక్షల మధ్య గ్రంథాలయాలు పెట్టడం, పత్రిక నడపడం, మాతృభాషలో ఉపన్యసించడం వాటంతట అవే హక్కుల పోరాటాలయ్యాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఏర్పడ్డాయని బిట్ల కోసం కంఠస్థం చేసి వదిలేయకూడదు. సభా స్వేచ్ఛ లేని చోట చదువుకునే గదే జనం కూడే చోటవుతుందని అర్థం చేసుకుంటే, 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి నాయకత్వంలో ఆంధ్ర మహాసభ వామపక్షం వైపు మళ్లడం, మితవాదులు విడిపోవడం ఎందుకు జరిగాయో సులభంగా తెలుస్తుంది. అప్పటికి ప్రశ్న భాష నుంచి భూమికి మారింది.

భూమి విషయంలో సంస్థానం నిర్మాణాన్ని ముందు స్పష్టం చేసుకోండి. సుమారు 60 శాతం భూమి దివానీ అంటే ప్రభుత్వ పాలన కింద ఉండేది, మిగిలింది ప్రభువర్గాలకు ఇచ్చిన జాగీర్లు, నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫేఖాస్ భూములు. దివానీ గ్రామాల్లో కూడా దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు తమకున్న పాత వసూలు అధికారాన్ని, రికార్డులపై పట్టును ఉపయోగించుకొని సాగుదారుల భూములను సొంతం చేసుకున్నారు. దానికి తోడు వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి మొదలుకొని మాల, మాదిగల వరకు ప్రతి వృత్తికీ దొర గడీలో కూలి లేని పని ఉండేది. ఈ వ్యవస్థ తరాలుగా ఉన్నదే, అయినా 1940లలోనే ఎందుకు బద్దలైంది అన్న ప్రశ్నకు మన జవాబులో సమాధానం ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధం ఆ సమాధానంలో ముఖ్యమైన భాగం. యుద్ధకాలపు ధాన్యం కొరత, ధరల పెరుగుదల మధ్య ప్రభుత్వం రైతుల నుంచి నిర్బంధంగా లెవీ ధాన్యం వసూలు చేసినప్పుడు ఆ భారం గ్రామాధికారుల అండ ఉన్న పెద్ద భూస్వాములను తప్పించుకొని చిన్న రైతు గాదెపై పడింది. వెట్టి, బేదఖలీ (సాగుదారును భూమి నుంచి వెళ్లగొట్టడం), లెవీ మూడూ ఒకే ఇంటి గుమ్మం ముందు కలిసినప్పుడు సంఘం మాట, అంటే పల్లెల్లో సంఘమని పిలిచిన ఆంధ్ర మహాసభ మాట, జనానికి ఎక్కింది. ప్రపంచ యుద్ధం గురించి చదివేటప్పుడు యూరప్ సరిహద్దుల దగ్గరే ఆగిపోకుండా, దాని సెగ జనగామ తాలూకా పల్లె దాకా ఎలా వచ్చిందో చూడటం నాకు చాలా ఉపయోగపడింది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ ఘటన దగ్గర నేను ఎక్కువ కాలం ఆగాను, మీరూ ఆగమని కోరుతున్నాను. ఆమె కౌలుకు తీసుకొని సాగుచేసిన పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు సంఘం కార్యకర్తలు అడ్డు నిలిచి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఆ తర్వాత కేసులు, దాడులు, ఇల్లు తగలబెట్టడం అన్నీ జరిగినా ఆమె భూమిని వదల్లేదు. ఈ ఒక్క ఘటనలో కౌలుదారు హక్కు ఉంది, వెట్టి చేయాల్సిన కులంలో పుట్టిన మనిషి వెట్టిని కాదనడం ఉంది, ఒక స్త్రీ తన పేరుతో నిలబడటం ఉంది, సంఘం అనే సంస్థ బలం ఉంది. ప్రశ్న రైతుల గురించి వచ్చినా, కులం గురించి వచ్చినా, మహిళల గురించి వచ్చినా ఈ ఉదాహరణ సరిపోతుంది, అయితే ప్రతిసారీ అందులోని వేరే కోణాన్ని ముందుకు తేవాలి. అలాగే ఇదే దేశ్‌ముఖుపై కోర్టులో న్యాయం కోసం పోరాడి హత్యకు గురైన షేక్ బందగీని మరచిపోకండి. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు నాయకుల్లో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డితో పాటు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. భారత యూనియన్‌లో చేరాలని రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు. ఈ మూడు పేర్లు జవాబులో ఉంటే, భూస్వామ్యంపై, నిరంకుశత్వంపై జరిగిన పోరాటాన్ని రెండు మతాల తగాదాగా కుదించే పొరపాటు దానంతటదే తప్పిపోతుంది.

ఇక సాహిత్యం సంగతి. పోరాటం మధ్యలో నిలబడి రాసినవి, పోరాటం ముగిశాక గుర్తు తెచ్చుకొని రాసినవి వేర్వేరు రకాల సాక్ష్యాలు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకం 1947లో, పల్లెలు ఇంకా మండుతూ ఉండగానే వచ్చింది. అది జనాన్ని కదిలించడానికి రాసిన రచన కాబట్టి అప్పటి ఆశను, కోపాన్ని తెలుసుకోవడానికి దాన్ని మించిన ఆధారం లేదు. కాని ఉద్యమంలోని లోపాలను అందులో వెతకకూడదు. దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు, ఆయన 'అగ్నిధార' 1949లో వెలువడింది. రాజ్యం నిర్బంధించిన కవి గొంతు, 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదును స్వాధీనం చేసుకున్న పోలీసు చర్య తర్వాత, పుస్తకమై బయటికి రావడం పౌరహక్కుల జవాబులో ఒక వాక్యంగా రాయదగ్గ విషయం. అదే జైలులో ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది, కాని అందులోని పల్లె అంతకు ముందు దశాబ్దాలది. సాయుధ దశ కన్నా ముందు జనంలో చైతన్యం ఎలా మొలిచిందో చెప్పడానికి నేను ఈ నవలనే వాడాను.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' 1969లో వచ్చిన నవల, అందులో కథా కాలం పోలీసు చర్యకు ముందుది. చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేసే ఆడబాప వ్యవస్థ ఈ నవలలో మనిషి రూపంలో కనిపిస్తుంది. పెళ్లికూతురితో పాటు దొర ఇంటికి పంపిన పిల్ల, తనదంటూ పెళ్లి, ఇల్లు, పేరు లేకుండా గడీలోనే జీవితం వెళ్లదీయడం ఎలాంటిదో చదివిన తర్వాత వెట్టి అంటే పొలం పని మాత్రమే కాదని, శరీరం మీద కూడా అధికారమని నాకు అర్థమైంది. నా అభిప్రాయంలో ఈ అధ్యాయానికి సాహిత్యం అందించిన అతి విలువైన సమాచారం ఇదే. అయితే పుస్తకం వెలువడిన సంవత్సరం మరోసారి చూడండి. 1969 అంటే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రగిలిన ఏడాది. తమ ప్రాంతానికి సొంత చరిత్ర, సొంత భాష ఉన్నాయని చాటుకోవాలన్న తపన ఆ కాలపు పాఠకుల్లో ఉంది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను తెచ్చినప్పుడు కూడా, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబు చెప్పడమే ఉద్దేశం. ఈ రెండింటినీ కలిపి ఆరో పేపర్లో అస్తిత్వ చైతన్యం గురించిన జవాబుకు వాడుకోవచ్చు.

1948 సెప్టెంబరు తర్వాతి కాలం గురించి రాసేటప్పుడు అంకెలను ఎవరి లెక్కో చెప్పి రాయాలి. 3,000 గ్రామాల విముక్తి, 10 లక్షల ఎకరాల పంపిణీ, 4,000 మంది మరణం అనేవి కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ఇచ్చిన లెక్కలు. పోలీసు చర్య సమయంలో, ఆ వెంటనే జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారన్నది నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా. నాయకుల్లో కూడా ఏకాభిప్రాయం లేదు. సైన్యం వచ్చిన తర్వాత సాయుధ పోరాటం కొనసాగించడాన్ని రావి నారాయణరెడ్డి వ్యతిరేకించాడు, 1951 అక్టోబరులో విరమణ జరిగాక 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఈ మధ్యలో 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు భూదానంగా ఇవ్వడం జరిగాయి. వీటిని విడివిడి తేదీలుగా కాక, పోరాటం ఒత్తిడికి ప్రభుత్వం, సమాజం ఇచ్చిన జవాబులుగా చూస్తే గుర్తుంటాయి.

కులం విషయంలో నేను రాసుకున్న పేజీలు తక్కువే, కాని వాటిని విడిచిపెట్టి ఈ అధ్యాయాన్ని పూర్తయిందనుకోలేము. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన ఆది ఆంధ్ర మహాసభ, 1941లో దళిత కవి జాషువా కావ్యం 'గబ్బిలం', 1955లో అంటరానితనం నేరాల చట్టం, దానినే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చడం వరుసగా చదివితే అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణ కాగితం మీది వాక్యం నుంచి శిక్షలు వేసే చట్టం దాకా ఎలా నడిచిందో కనిపిస్తుంది. ఆ నడక ఎంత అసంపూర్ణమో దళితులను ఊచకోత కోసిన 1985 జూలై 17 నాటి కారంచేడు, 1991 ఆగస్టు 6 నాటి చుండూరు ఘటనలు చూపించాయి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం విధించింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అమలుపై ప్రశ్న వస్తే ఈ రెండు తీర్పుల మధ్య దూరం కన్నా బలమైన ఉదాహరణ నాకు తోచలేదు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' దళిత కవితా సంకలనాన్ని ఈ ఘటనల పక్కన పెట్టి చదివితే, బాధితుల తరఫున ఇతరులు రాసే దశ నుంచి బాధితులే రాసే దశకు తెలుగు సాహిత్యం ఎలా వచ్చిందో చెప్పగలుగుతారు.

జవాబు రాసేటప్పుడు సాహిత్యం పాలు ఎంత ఉండాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఒక జవాబుకు ఒక రచన చాలు, అదీ ఒకటి రెండు వాక్యాల్లో, అది నిరూపించే విషయంతో కలిపి. కవిత పంక్తులు గుప్పిస్తే కారణాలు, పరిణామాలు రాయడానికి చోటు మిగలదు. మహిళల పాత్రపై ప్రశ్నకు నేను సాధన చేసిన క్రమం చెబుతాను. మొదట వెట్టి, ఆడబాప వల్ల స్త్రీపై పడిన ప్రత్యేక భారాన్ని రాసేవాడిని. తర్వాత ఐలమ్మ ప్రతిఘటన, సాయుధ దళాల్లో మల్లు స్వరాజ్యం వంటివారి పని. మూడో భాగానికి 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆధారం. పోరాటంలో తుపాకీ పట్టినవారిని, విరమణ తర్వాత తిరిగి ఇంటికి, వంటింటికి పొమ్మన్నారన్న ఆవేదన ఆ మహిళలే తమ మాటల్లో చెప్పారు. నాయకుల ఆత్మకథల్లో ఈ విషయానికి ఇంత చోటు దొరకదు. చివర్లో, మల్లు స్వరాజ్యం 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సంగతి రాసి, అలాంటి అవకాశం ఆమెతో పోరాడిన మిగిలిన స్త్రీలలో ఎక్కువమందికి దక్కలేదని అదే పేరాలో రాసేవాడిని.