ఏకాగ్రత లేదన్నారు, చూస్తే చెవిలో నీరుంది: నా అనుభవం

నిన్ననే హనుమకొండలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర మా చిన్నోడికి మళ్లీ ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించాను. కుడి చెవి మామూలుకు వచ్చేసింది, ఎడమ చెవి ఇంకొంచెం బాగుపడాలి. దసరా సెలవుల తర్వాత మొదలైన టెన్షన్ నిన్నటికి సగం దిగింది. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా స్టాఫ్‌రూమ్‌లోనే ఒక మేడమ్ "మావాడికీ ఫోకస్ లేదంటున్నారు, ఆ బ్రెయిన్ వేవ్స్ కోర్సులో వేద్దామా" అని అడిగింది. ఆమెకు నోటితో చెప్పిందే ఇక్కడ వివరంగా పెడుతున్నాను.

నేను సర్కారు హైస్కూల్‌లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మావాడు ఇంటి దగ్గరి ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. బళ్లు తెరిచినప్పటి నుంచీ డైరీలో అవే రాతలు: "పాఠం వినడం లేదు", "పిలిస్తే పలకడు", "డిక్టేషన్‌లో తప్పులు". పాట అంటే తాట అని రాస్తున్నాడు. ఇంట్లో టీవీ సౌండ్ పెంచుతున్నాడు. పడిశం అయితే ప్రతి నెలా ఉండేదే.

ఆ తర్వాత బడిలో పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. మార్కుల గురించి మాట్లాడతారనుకుని వెళ్లాను. హాల్లో ప్రొజెక్టర్, స్టేజీ, టై కట్టుకున్న ఒకాయన. పిల్లల ఏకాగ్రత పెంచే సెంటర్ తరఫున వచ్చాడట, బడితో ఒప్పందం ఉందట. తలకు కట్టే ఒక పట్టీ చూపించి, ఇది మెదడు తరంగాలను చదువుతుందన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్‌లో ప్రత్యేక శబ్దాలు వినిపిస్తే తరంగాలు "ఆల్ఫా"లోకి వస్తాయట, పిల్లవాడు ఫస్ట్ ర్యాంకులోకి వస్తాడట. డెమో కోసం ఒక పిల్లవాడు కావాలంటే, క్లాస్ టీచర్ మావాణ్ణి లేపింది. నన్నొక మాట అడగలేదు.

స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టి నుదుటికి పట్టీ కట్టారు. తెర మీద రంగురంగుల గీతలు, నాలుగు స్తంభాలు. అంతమంది ముందు వాడికి భయమేసింది, కళ్లు టపటపా ఆర్పుతున్నాడు. ఆర్పినప్పుడల్లా ఎర్ర స్తంభం పైకి లేచేది. "చూడండి, థీటా ఎంత ఎక్కువుందో! ఈ బాబు మెదడు పగలే నిద్రపోతోంది" అన్నాడాయన. అంతటితో ఆపితే బాగుండేది. వాడి వెనక్కి వెళ్లి నిలబడి, మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. వాడు తిరగలేదు. మళ్లీ పిలిచాడు. వాడు నా వైపే చూస్తూ కూర్చున్నాడు. "చూశారా, మైండ్ ఇక్కడ లేదు" అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మావాడు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నా కడుపు రగిలిపోయింది.

తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్, మీరు జాబ్ చేస్తారా? ఇంట్లో ఫోన్ ఎవరిస్తారు?" అని మైకులోనే అడిగాడు. అంతమంది తల్లుల్లో నన్నొక్కదాన్నే నిలబెట్టాడు. వాళ్లలో మా వాడకట్టు వాళ్లే సగం మంది. నేను లేచి అడిగాను: "మీ హెడ్‌ఫోన్స్‌లో ఏ చెవికి ఎన్ని హెర్ట్జ్ పంపిస్తారు? తేడా ఎంత?" ఆయన "432 హెర్ట్జ్ మేడమ్, అది ప్రకృతి ఫ్రీక్వెన్సీ" అన్నాడు. "రెండు చెవులకూ ఒకటే పంపితే బీట్స్ ఎక్కడివి?" అన్నాను. ప్రిన్సిపాల్ మధ్యలో వచ్చి "మేడమ్ గారూ, ఇది సైన్స్ క్లాస్ కాదు, కూర్చోండి" అన్నాడు. నా విద్యార్థుల ప్రాజెక్టు ధ్వని మీదే రాష్ట్ర స్థాయికి వెళ్లింది. నాకు ధ్వని గురించి కూర్చోమని చెప్పినవాడు ఆయనొక్కడే. నేను కూర్చోలేదు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. కోర్సు ఫీజు మాత్రం టర్మ్ ఫీజు రసీదులోనే అందరికీ వేసేశారు.

అక్కడ అడగనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెప్తాను. ఒక చెవికి 200 హెర్ట్జ్, రెండో చెవికి 210 హెర్ట్జ్ పంపితే, సెకనుకు పది చొప్పున శబ్దం హెచ్చి తగ్గుతున్నట్టు అనిపిస్తుంది. గాలిలో ఆ బీట్ ఉండదు, రెండు చెవుల సమాచారం మెదడులో కలిసే చోట పుడుతుంది. దీన్నే బైనారల్ బీట్స్ అంటారు. జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ డోవ్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. 1973లో జెరాల్డ్ ఆస్టర్ రాసిన వ్యాసంతో మళ్లీ అందరి దృష్టిలో పడింది. అంటే విషయం నిజమే. అది ఏకాగ్రతను పెంచుతుందా అంటే, కొన్ని ప్రయోగాల్లో కాస్త ఫలితం కనిపించింది, కొన్నిటిలో ఏమీ కనిపించలేదు. మొజార్ట్ సంగీతం సంగతీ అంతే. 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం కాలేజీ విద్యార్థుల మీద చేసింది. ఒక రకం ఆకారాల లెక్కల్లో, అదీ పది పదిహేను నిమిషాల పాటు, కొంచెం మెరుగు కనిపించిందంతే. దాన్ని పట్టుకుని చంటిపిల్లల సీడీలు అమ్మారు. ఇంత సన్నని ఆధారం మీద తల్లిదండ్రుల దగ్గర వేలకు వేలు గుంజడం పాపం.

ఇంటికొచ్చాక అత్తమ్మకు భయం పట్టుకుంది. "మెదడు నిద్రపోతుందన్నరంటనే బిడ్డా, మూర్ఛ గిట్ల కాదు గదా?" అని ఒకటే ఏడుపు. పిల్లల్లో కొన్ని సెకన్ల పాటు బొమ్మలా ఆగిపోయే మూర్ఛ ఒకటి ఉంటుంది. క్లాసులో దాన్నీ పరధ్యానమే అనుకుంటారు. అందుకని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తును గీతలుగా చూపే పరీక్ష, రాశాడు.

ఈఈజీ తేలికగానే అయిపోయింది. ముందు రోజు నూనె లేకుండా తలస్నానం చేయించాలి, రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లవారకముందే లేపాలి. తలంతా కొలిచి, జిగురు పెట్టి వైర్లు అతికిస్తారు. లైటు మిణుకుమిణుకుమనిపిస్తారు, గట్టిగా ఊపిరి ఊదమంటారు. ఆ ఆగిపోయే రకం మూర్ఛ గీత బయటపడేది ఎక్కువగా ఈ ఊదుడులోనే. ముల్లులాంటి మొన, దాని వెంటే ఒక అల, ఇలా జంటగా సెకనుకు మూడు చొప్పున వస్తాయట. మావాడికి అలాంటివేమీ రాలేదు.

అక్కడి టెక్నీషియన్ అమ్మాయి నాకు తెర చూపించింది. "అక్కా, ఇప్పుడు కండ్లు మూసుకోమను" అంది. వాడు మూసుకోగానే తల వెనక భాగం గీతల్లో సన్నని అలలు వరసగా లేచాయి. కళ్లు తెరవగానే మాయమయ్యాయి. అదే ఆల్ఫా, సెకనుకు 8 నుంచి 13 అలలు. 1924లో జర్మనీలోని యేనాలో హన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్తును మొదటిసారి నమోదు చేశాడు, 1929లో ప్రచురించాడు. ఆయన గుర్తించిన అలలు కూడా ఇవే. పాఠంలో చెప్పడం వేరు, కన్నకొడుకు మెదడులోంచి వస్తుంటే చూడడం వేరు. ఆల్ఫా ఎక్కువగా కనిపించేది కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు. దాన్ని పెంచితే పిల్లవాడు బోర్డు చూసి లెక్క చేస్తాడని ఎవరు చెప్పారో ఆ సెంటర్ వాళ్లకే తెలియాలి.

స్టేజీ మీది ఎర్ర స్తంభం సంగతీ ఆ అమ్మాయే చెప్పింది. మెదడు నుంచి నెత్తి మీదికి వచ్చే విద్యుత్తు వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది. కన్ను ఆర్పితే అంతకు ఎన్నో రెట్లు పెద్ద సంకేతం నుదుటి దగ్గర పుడుతుంది, అది డెల్టా, థీటా అనే నెమ్మది అలల లెక్కలోకే వచ్చి పడుతుంది. భయపడి కళ్లు ఆర్పిన పిల్లవాడికి "థీటా ఎక్కువ" అని ముద్ర వేశారన్నమాట. పిల్లల్లో ఏకాగ్రత లోపాన్ని (ఏడీహెచ్‌డీ) తేల్చడానికి థీటాకు, వేగంగా వచ్చే బీటా అలలకు మధ్య నిష్పత్తిని చూసే పరికరానికి 2013లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అనుమతి ఇచ్చిన మాట వాస్తవమే. కానీ అది డాక్టరు చేసే పూర్తి పరీక్షకు తోడుగా మాత్రమే. మైకు పట్టుకున్నవాడికి ఇవ్వలేదు.

మెదడు బాగుంది. మరి పిలిస్తే ఎందుకు పలకడు? ఈ ప్రశ్నకు జవాబు నా ల్యాబ్ బీరువాలోనే దొరికింది. శృతిదండాల (ట్యూనింగ్ ఫోర్కుల) పెట్టెలోంచి 512 హెర్ట్జ్ దండం ఇంటికి తెచ్చాను. రబ్బరు మీద కొట్టి, కాడను వాడి చెవి వెనక ఎముకకు ఆనించాను. తర్వాత కొమ్మలను చెవి రంధ్రం ముందు పెట్టాను. "ఎక్కడ గట్టిగా ఉంది నాన్నా?" అని అడిగాను. మామూలు చెవికి ముందు పెట్టిందే గట్టిగా వినిపించాలి. వాడు చెవి వెనక్కి వేలు చూపించి, "ఇక్కడ పెడితేనే మోగుతుందమ్మా, ముందు పెడితే ఆగిపోయింది" అన్నాడు. దండం ఆగలేదు, నా వేళ్లకు ఇంకా అదురుతూనే ఉంది. రెండో చెవికీ అదే జవాబు. దీన్ని రిన్నీ టెస్ట్ అంటారు, 19వ శతాబ్దం నుంచీ డాక్టర్లు చేస్తున్నదే. లోపలి చెవి, నరం పని చేస్తున్నాయి, శబ్దం అక్కడికి చేరే దారిలో అడ్డముంది అని అర్థం. వెనక నుంచి పిలిస్తే మావాడు తిరగకపోవడానికి కారణం మైండ్ కాదు. వాడికి వినపడలేదు.

మర్నాడే ఈఎన్‌టీ. సౌండ్‌ప్రూఫ్ గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. గాలి ద్వారా వినపడడం 35 డెసిబెల్స్ దగ్గర మొదలవుతోంది, ఎముక ద్వారా మామూలే. తర్వాత టింపనోమెట్రీ, అంటే చెవిలో గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి కదలికను చూడడం. గీత మధ్యలో గుట్టలా లేవాలి, వాడిది రెండు చెవుల్లోనూ బల్లపరుపుగా వచ్చింది. కర్ణభేరి వెనక నీరు చేరింది. ముక్కు వెనక ఉండే, టాన్సిల్స్ లాంటి అడినాయిడ్స్ వాచి, గొంతు నుంచి చెవికి గాలి పోయే యూస్టేషియన్ నాళం మూసుకుంది. పిల్లల్లో ఆ నాళం పెద్దవాళ్ల కంటే పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి పడిశం పడితే త్వరగా మూసుకుంటుంది. నొప్పి ఉండదు, చీము కారదు, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

35 డెసిబెల్స్ అంటే ఏమంత అనుకుంటారేమో. మామూలు మాట ఒక మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 తగ్గుతుంది. ఎనిమిది మీటర్ల దూరానికి 42. గది గోడల వల్ల కొంత మిగిలినా, పైన ఫ్యాన్లు, పక్క క్లాసు గోల. వెనక బెంచీలో కూర్చున్న మావాడికి టీచర్ మాటలో మిగిలేదెంత? అక్షరాలు కలిసిపోయి పాట తాట అవుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా ఊహించుకుంటూ కూర్చున్నవాడు అలసిపోయి కిటికీలోంచి చూస్తే, దానికి వాళ్లు పెట్టిన పేరు పరధ్యానం.

డాక్టర్ వెంటనే ఆపరేషన్ అనలేదు. చాలామంది పిల్లల్లో మూడు నెలల్లో నీరు దానంతటదే పోతుంది, అప్పటికీ పోకపోతే గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెడతామన్నాడు. చెవిలో ఏమీ పోయొద్దన్నాడు. అత్తమ్మ వెల్లుల్లి నూనె కాచి సిద్ధంగా పెట్టింది, ఆ గిన్నె నేనే కడిగేశాను. బడిలో ముందు బెంచీ అడిగితే "ఎత్తు ప్రకారమే కూర్చోబెడతాం" అన్నారు. ఆడియోగ్రామ్ జిరాక్స్ పెట్టి రాతపూర్వకంగా ఇచ్చాక ముందుకు మార్చారు. మీరూ నోటితో అడగకండి, కాగితం ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం తీసుకోండి.

ఇంకో మాట. మా సర్కారు బడికి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం వచ్చి పిల్లలను పరీక్ష చేస్తుంది. చెవి సమస్యలు వాళ్ల జాబితాలోనే ఉన్నాయి. ఫీజులు గుంజే బడిలో తలకు పట్టీ కట్టడానికి మనిషి దొరికాడు, చెవిలో లైటు వేసి చూడడానికి మాత్రం ఎవరూ దొరకలేదు.

పిల్లవాడు వినడం లేదని కంప్లయింట్ వస్తే మొదట ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. ఆడియోగ్రామ్ ఒక్కటే రాస్తే టింపనోమెట్రీ కూడా చేయమని పేరు పెట్టి అడగండి. రిపోర్టు కాపీ ఇంట్లో ఉంచుకోండి. శృతిదండం మీ ఊరి హైస్కూల్ ల్యాబ్‌లో ఉంటుంది, సైన్స్ టీచర్‌ను అడిగితే కాదనరు. చెవి బాగుండి కూడా ఇబ్బంది ఉంటే అప్పుడు పిల్లల డాక్టరు, న్యూరాలజిస్ట్, సైకాలజిస్ట్ ఉన్నారు.

నిన్నటి రిపోర్టులో కుడి చెవి 15 డెసిబెల్స్, ఎడమ చెవి 25. ఎండాకాలం సెలవుల్లో మళ్లీ చూపించాలి. బ్రెయిన్ కోర్సు ఫీజు వాపసు కోసం బడికి ఉత్తరం పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఆ ఉత్తరం ఒక కాపీ డీఈవో ఆఫీసుకు కూడా ఇవ్వబోతున్నాను.