కోళ్ల రోగనిరోధక జన్యువులు: ఒక్క వ్యాధిని పట్టుకుని చదివిన అనుభవం

పశు జన్యుశాస్త్రం, ప్రజననశాస్త్రం సబ్జెక్టుగా ఏఎస్‌ఆర్‌బీ నెట్‌కు (వ్యవసాయ విశ్వవిద్యాలయాల అధ్యాపక అర్హత పరీక్షకు) సిద్ధమవుతున్న మిత్రులు చాలామంది కోళ్ల వ్యాధి నిరోధక జన్యువులను ఒక పట్టికగా రాసుకుని బట్టీ పడుతుంటారు. నేను మాత్రం ఆ భాగమంతా మారెక్స్ వ్యాధి చుట్టూ అల్లుకుని చదివాను.

హంగేరీకి చెందిన జోసెఫ్ మారెక్ 1907లో వర్ణించిన ఈ వ్యాధికి కారణం ఒక హెర్పిస్ వైరస్. అది ఈకల ధూళితో ఊపిరితిత్తుల్లోకి చేరి, మొదట రోగనిరోధక వ్యవస్థలోని బి కణాలను నాశనం చేసి, ఆపై టి కణాల్లో నిద్రాణంగా ఉండిపోయి, తట్టుకోలేని కోళ్లలో ఆ టి కణాలనే కణితులుగా మారుస్తుంది. ఈ దారిని కాగితంపై గీసుకుని, ఏ దశలో ఏ జన్యువు అడ్డుపడుతుందో పక్కనే రాసుకోవడం నాకు బాగా ఉపయోగపడింది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసింది బి కాంప్లెక్స్ అనే జన్యు సముదాయానికి. 1950లో బ్రైల్స్ బృందం దీన్ని రక్తవర్గంగా గుర్తించగా, 1961లో షీర్‌మన్, నార్డ్‌స్కాగ్ చర్మపు అతుకు తిరస్కరణకు కూడా ఇదే కారణమని చూపారు; అంటే 16వ క్రోమోజోమ్‌పై ఉన్న ఈ ప్రాంతమే, సొంత కణాలను పరాయివాటి నుంచి వేరుచేసి గుర్తించే జన్యు సముదాయమైన కోడి ఎంహెచ్‌సీ. 1999లో కాఫ్‌మన్ బృందం వెల్లడించిన డీఎన్ఏ క్రమం ప్రకారం ఇందులో సుమారు 92 కిలోబేసుల (92 వేల డీఎన్ఏ అక్షరాల) నిడివిలో 19 జన్యువులే ఉన్నాయి. ఈ అంకెలు గుర్తుండడం మంచిదే కానీ, అసలు విషయం వాటి వెనుక ఉంది. మనిషిలో మూడు క్లాస్ 1 జన్యువులు యాంటిజెన్ (వైరస్ వంటి పరాయి పదార్థపు) ముక్కలను టి కణాలకు చూపిస్తాయి, కోడిలో ఆ పని ప్రధానంగా బీఎఫ్2 ఒక్కటే చేస్తుంది. అది వైరస్ ముక్కను పట్టుకోలేకపోతే ఆదుకునే మరో బలమైన అణువు లేదు. బి21 హాప్లోటైప్ (కలిసి సంక్రమించే జన్యు రూపాల కూర్పు) ఉన్న కోళ్లు మారెక్స్‌ను తట్టుకోవడం, బి19 కోళ్లు లొంగిపోవడం అంత స్పష్టంగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక్కడితో ఆగిపోతే సగమే చదివినట్టు. అమెరికాలోని ఈస్ట్ లాన్సింగ్ ప్రయోగశాలలో పెంచిన 6, 7 వంశశ్రేణులు రెండింటిలోనూ బి2 హాప్లోటైపే ఉన్నా, మొదటిది వ్యాధిని తట్టుకుంటుంది, రెండవది తట్టుకోదు. ఎంహెచ్‌సీ వెలుపలి జన్యువుల పాత్రకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు తెలియదు. వివరణాత్మక జవాబు రాయవలసిన పరీక్షల్లో దీన్ని తప్పక రాయండి.

బర్డ్ ఫ్లూ విషయంలో రెండు అంశాలు చాలు. వైరస్ రాకను పసిగట్టే రిగ్-1 జన్యువు బాతులో ఉంది, కోడిలో లేదు. ఫ్లూ వైరస్ తన సంఖ్య పెంచుకోవడానికి వాడుకునే ఏఎన్‌పీ32ఏ జన్యువును సవరించిన కోళ్లలో, 2023లో ప్రచురితమైన రోజ్లిన్ సంస్థ ప్రయోగం ప్రకారం, సాధారణ మోతాదుకు పదింటిలో తొమ్మిదింటికి వైరస్ సోకలేదు, మోతాదు బాగా పెంచినప్పుడు సగం కోళ్లకు సోకింది. ఎంఎక్స్ జన్యువు 631వ స్థానంలోని మార్పు ఫ్లూ నిరోధకతను ఇస్తుందని గైడ్లు నిశ్చయంగా రాస్తాయి కానీ, పరిశోధనల ఫలితాలు పరస్పరం పొసగవు కాబట్టి ఆ మాట కూడా గుర్తుంచుకోండి. సాల్మొనెల్లా బ్యాక్టీరియాను ఎదుర్కొనే జన్యువుల్లో ఎస్‌ఎల్‌సీ11ఏ1, టీఎల్‌ఆర్4 గుర్తుంటే సరిపోతుంది.

టీకా ఉండగా జన్యు నిరోధకత ఎందుకన్న ప్రశ్నకూ సిద్ధంగా ఉండాలి. హ్యాచరీలో మొదటి రోజే వేసే మారెక్స్ టీకా కణితులను ఆపుతుంది గానీ, వైరస్ సోకడాన్ని, ఈకల కుదుళ్ల నుంచి బయటికి వెలువడడాన్ని పూర్తిగా ఆపలేదు. దీని తరువాత గంబోరో అనే మరో కోళ్ల వైరస్ వ్యాధిని ఇదే పద్ధతిలో చదవండి: అక్కడ వైరస్ బర్సా అనే అవయవంలోని బి కణాలను దెబ్బతీయడం వల్ల, బతికి బయటపడిన పిల్లలకు రాణిఖెత్ టీకా వేసినా అది సరిగా పట్టదు.