తుమ్మ బండి, యాష్ కారు

బర్మింగ్‌హామ్‌లో మేము ఎక్కవలసిన రైలు రద్దయింది. తరువాతిది గంటకు. ఆ గంట గడవడానికి తాగిన కాగితపు గ్లాసుడు టీ మూడున్నర పౌండ్లు. రూపాయల్లో లెక్క వేయవద్దని అమ్మాయి రోజూ చెబుతుంది కానీ, నా బుర్ర ఊరుకోదు. మోర్గన్ కార్ల కర్మాగారం చూడటానికి టికెట్టు పెట్టి మరీ వెళ్ళడమేమిటని అప్పటికే నాకు చిరాకు. మా అల్లుడికి కార్ల పిచ్చి, కాదంటే బాగుండదు.

రైల్లో కూర్చున్నాక అల్లుడు మోర్గన్ కథంతా చెప్పాడు. హెచ్.ఎఫ్.ఎస్. మోర్గన్ అనే మతగురువు కొడుకు 1909లో తన సొంతానికని మూడు చక్రాల బండి చేసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్‌లోని ఒలింపియా ప్రదర్శనలో పెట్టాడు. మూడు చక్రాల వాటికి కారు పన్ను కాక మోటారు సైకిలు పన్నే పడేది కాబట్టి జనం బాగానే కొన్నారు. నాలుగు చక్రాల మోర్గన్ 1936లో గాని రాలేదు. నాలుగు చక్రాలు, నాలుగు సిలిండర్లు, అందుకే పేరు ఫోర్-ఫోర్. పేరు పెట్టడంలో కూడా పొదుపే అనుకున్నాను.

మాల్వర్న్ లింక్‌లో దిగేసరికి సన్నటి జల్లు. పికర్స్‌లీ రోడ్డులో వాలు మీద వరుసగా ఎర్ర ఇటుకల షెడ్లు. మరమనుషులూ కదిలే పట్టాలూ ఉంటాయనుకున్న నాకు కనిపించింది మనుషులు చేతులతో తోస్తున్న సగం కారు. ఒక షెడ్డులో పని అయ్యాక పక్క షెడ్డుకు అలాగే తోసుకుపోతారట.

వడ్రంగం షెడ్డులోకి అడుగుపెట్టగానే మాత్రం నా చిరాకు ఎటో పోయింది. ఉలులు, చిత్రికలు, నేల మీద చుట్టలు చుట్టుకున్న పొట్టు! చట్రం లోహమే, దాని మీద లేచే అస్థిపంజరం మాత్రం యాష్ అనే చెట్టు కర్ర. అల్యూమినియం రేకు దాని మీద కప్పుతారు. వెనుక చక్రాల మీది వంపు కోసం పలుచని చెక్కలను జిగురుతో ఒకదానికొకటి అంటించి, అచ్చులో పెట్టి బిగించేశారు. పొరల మధ్య నుంచి పొంగి గట్టిపడిన జిగురు అంచు పొడవునా పూసల్లా నిలిచింది.

చేయి ఊరుకోక పక్కనున్న ముక్కను వేలి కణుపుతో కొట్టి చూశాను. పనిచేస్తున్న పెద్దాయన తలెత్తి, “మీరూ వడ్రంగులేనా?” అని అడిగాడు. నేను కాదు, మా తాత. తెనాలి దగ్గర పల్లెలో ఎడ్లబండ్లు చేసేవాడు. నల్లతుమ్మ దుంగను ఇలాగే కొట్టి, మోత విని, పనికొస్తుందో లేదో చెప్పేసేవాడు. అల్లుడు ఇదంతా ఇంగ్లీషులో చెబుతుంటే ఆయన నవ్వి, ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. తుమ్మంత బరువు లేదు. వంచితే కాస్త వంగి, మళ్ళీ తన దారికి తాను వచ్చేసింది.

ఇక్కడి మరో ముచ్చట. 1990లో సర్ జాన్ హార్వీ-జోన్స్ అనే పెద్ద వ్యాపారవేత్త బీబీసీ కార్యక్రమం కోసం వచ్చి, ఈ పాతకాలపు పద్ధతి మార్చండి, ఎక్కువ కార్లు చేయండి అన్నాడు. మోర్గన్ కుటుంబం పెద్దగా చెవిన పెట్టలేదు. కొనేవాళ్ళు కారు కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నారు, అదీ గర్వంగా చెప్పుకుంటూ. నాకు ఒళ్ళు మండింది. మా తాత రెండు నెలలు ఆలస్యం చేస్తే రైతులు వాకిట్లో నిలబడి తిట్టిపోసేవారు. కోతలు మీదికొస్తుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? అయినా ఆలస్యాన్ని గొప్పగా చెప్పుకోవచ్చని మా తాతకు ఎవరూ చెప్పలేదు.

2019లో ఎక్కువ వాటా ఒక ఇటలీ పెట్టుబడి సంస్థ చేతికి పోయిందట. అది విన్నప్పుడు, నాకు సంబంధం లేకపోయినా, ఎందుకో మనసు చివుక్కుమంది.

తిరుగు రైలు నలభై నిమిషాలు ఆలస్యమని బోర్డు మీద పడింది. అల్లుడు దానివంక చూసి, “మీ తాతగారు బండి ఇచ్చినట్టే ఉంది, మామయ్యగారూ” అన్నాడు.