యాంటీగ్రావిటీ రీల్స్ చూసే మా గుంటూరు పిల్లలకి

యాంటీగ్రావిటీ ఇంజిన్, అంటే భూమి ఆకర్షణని (గ్రావిటీని) లేకుండా చేసే యంత్రం, ఎప్పుడో తయారైపోయిందనీ, పెద్ద కంపెనీలన్నీ కలిసి దాన్ని తొక్కిపెట్టాయనీ చెప్పే రీల్స్ మా ఇంజినీరింగ్ పిల్లలు తెగ పంపించుకుంటున్నారు. అసలు జరిగింది వాటికంటే చాలా బాగుంటుంది, అది వీళ్లకి ఎవరూ చెప్పట్లేదనే నా బాధ.

1992లో ఫిన్లాండ్‌లోని టాంపెరెలో పోద్‌క్లెత్నోవ్ అనే రష్యన్ పరిశోధకుడు, బాగా చల్లబరిచిన సూపర్‌కండక్టర్ (కరెంటుకి అడ్డే లేకుండా పోయే పదార్థం) పళ్లేన్ని గిర్రున తిప్పితే పైన వేలాడదీసిన వస్తువు బరువు తగ్గిందని రాశాడు. తగ్గింది ఒక శాతం కూడా లేదు. కానీ ఆ కాస్తైనా నిజమైతే భౌతికశాస్త్రాన్నే తిరగరాయాలి కదా, అందుకే పెద్దవాళ్లు కదిలారు. బ్రిటన్ విమానాల కంపెనీ బీఏఈ 'గ్రీన్‌గ్లో' అని ఒక ప్రాజెక్టు పెట్టి రాన్ ఇవాన్స్‌కి అప్పగించింది. నాసా 1996లో ఇలాంటి ఆలోచనల కోసమే మార్క్ మిల్లిస్ ఆధ్వర్యంలో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. 2003లో హాత్‌వే బృందం ఆ పళ్లెం ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే బరువేమీ తగ్గలేదు, ఆ సంగతి పేపర్‌గా అచ్చయింది కూడా. దాచిందేముంది ఇందులో?

మొన్న మా మేనల్లుడూ వాడి ఫ్రెండ్సూ బ్రాడీపేటలో వాళ్ల రూములో 'లిఫ్టర్' చేశారు. బాల్సా పుల్లలతో త్రిభుజం, దానికి చుట్టూ అల్యూమినియం ఫాయిల్, ఫాయిల్‌కి కాస్త పైన జుట్టంత సన్నటి రాగి తీగ, పాత టీవీలోంచి పీకిన, వేల వోల్టులిచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్. స్విచ్ వెయ్యగానే బుస్సుమని శబ్దం, ఓజోన్ ఘాటు, కట్టిన దారాలు బిగుసుకునేదాకా పైకి లేచింది. వీళ్ల కేకలకి ఓనరుగారు మేడెక్కి వచ్చేశారు. "మామయ్యా, గ్రావిటీ పోయింది!" అన్నాడు వీడు. పొడవాటి పీవీసీ పైపు చివర అగరొత్తి కట్టి దూరం నుంచి పక్కన పెట్టమన్నాను (వేల వోల్టులు, దగ్గరికి చెయ్యి పోనివ్వకండి). పొగ మొత్తం కిందికి తన్నుకుపోయింది. తీగ దగ్గర ఛార్జ్ ఎక్కిన అణువులు ఫాయిల్ వైపు దూసుకెళ్తూ మిగతా గాలిని కిందికి నెడతాయి, ఆ తోపుకే లిఫ్టర్ లేస్తుంది. దాదాపు వందేళ్ల కిందట టౌన్‌సెండ్ బ్రౌన్ అనే అమెరికన్ కూడా ఇలాంటిదే చూసి గ్రావిటీకి ముడిపెట్టాడు.

వీడి మొహం వాడిపోయింది. అప్పుడు అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ విమానం వీడియో పెట్టాను. 2018లో స్టీవెన్ బారెట్ బృందం 5 మీటర్ల రెక్కలు, రెండున్నర కిలోల లోపు బరువు, 40 వేల వోల్టులతో, ఫ్యాను లేకుండా ఇదే గాలి తోపుతో దాన్ని 60 మీటర్లు ఎగిరించింది. వరసగా నాలుగుసార్లు చూశారు.

ఇప్పుడు వీళ్లకి లిఫ్టర్‌ని గాలి లేనిచోట పెట్టి, అప్పుడూ లేస్తుందో లేదో చూడాలని ఉంది. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఏ కాలేజీ ల్యాబులోనైనా అది పట్టేంత వాక్యూమ్ ఛాంబర్ ఉంటే చెప్పండి, లిఫ్టర్ పట్టుకుని నేనే తీసుకొస్తాను పిల్లల్ని.