జీవితకాల వారంటీ: ఎవరి జీవితకాలం? (నా అనుభవం)

కారు నిన్న సాయంత్రం ఇంటికి వచ్చింది. మూడు వారాలు వర్క్‌షాపులో ఉంది. నా జేబులోంచి 33,700 రూపాయలు పోయాయి. ఆ కారు ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు ‘జీవితకాల వారంటీ’ ఉంది మరి. కోపం చల్లారితే సగం మరచిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

2019 దసరాకు హనుమకొండలో డీజిల్ కారు కొన్నాను. అప్పు, లైఫ్ టాక్సు, నంబరు ప్లేటు అన్నీ చకచకా అయిపోయాయి. చివర్లో సేల్స్ అబ్బాయి, “ఇంకో 26,500 కడితే ఇంజన్, గేర్‌బాక్స్ గురించి జీవితాంతం దిగులుండదు సార్” అన్నాడు. కట్టాను. ఆ వారంటీ కారు తయారు చేసిన కంపెనీది కాదని, డీలరు సొంతంగా అమ్ముకునే ప్యాకేజీ అని అప్పుడు నాకు తట్టలేదు. ఈ తేడా పట్టుకున్నవారికి మిగతాదంతా చదవాల్సిన అవసరం కూడా లేదు.

పోయిన నెల కరీంనగర్‌లో పెళ్లికి వెళ్తుంటే ఎల్కతుర్తి దాటాక మూడో గేరులో గరగరమని చప్పుడు. హుజూరాబాద్ చేరేసరికి గేరు తనంతట తానే జారి న్యూట్రల్‌లో పడుతోంది. తిరిగి వచ్చాక నాకు తెలిసిన మెకానిక్ అయిదు నిమిషాలు నడిపి చూశాడు. “బేరింగు పోయింది, సింక్రో రింగులు అరిగాయి. గేర్‌బాక్స్ దించాలి. నేనైతే 35 వేలలో చేస్తాను. కానీ మీకు వారంటీ ఉందంటున్నారు కదా సార్, వాళ్ల దగ్గరికే వెళ్లండి” అన్నాడు. నిజాయితీపరుడు. అతని మాట వినడమే నేను చేసిన తప్పేమో!

వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్ నా మనవడి కంటే పదేళ్లు పెద్దవాడు ఉంటాడేమో. జాబ్ కార్డు రాసి ఒక కాగితం నా ముందు పెట్టాడు. గేర్‌బాక్స్ విప్పి చూశాక వారంటీ వర్తించదని తేలితే విప్పినందుకు, బిగించినందుకు అయ్యే ఖర్చు నాదేనట. విప్పితే తప్ప వర్తిస్తుందో లేదో తెలియదట. అంటే ముందు నేను మెడ వంచి సంతకం పెట్టాలి, తరువాత వాళ్లు తీర్పు చెబుతారు. పెట్టాను. మీరు మాత్రం పెట్టకండి. పెట్టక తప్పకపోతే ఆ ఖర్చు ఎంతో అంకెల్లో రాయించుకోండి. నా కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది.

నాలుగో రోజు పిలిపించారు. కౌంటరు దగ్గర అయిదారుగురు నిలబడి ఉన్నారు. అడ్వైజర్ కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, అందరికీ వినబడేలా, “మీ వారంటీ 2021లోనే రద్దయింది సార్” అన్నాడు. ఏడాదికోసారి వాళ్ల దగ్గరే సర్వీసు చేయించాలి, 15 రోజులకు మించి ఆలస్యం కాకూడదు. 2021 జూన్ 4న చేయించాల్సిన సర్వీసు నేను జూన్ 28న చేయించాను. 24 రోజులు ఆలస్యం. “పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది. మీరు చదవలేదా సార్?”

ముప్పయి రెండేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినవాడిని. చదవలేదా అని నన్ను అడిగాడు. పక్కన నిలబడ్డ ఒకాయన నవ్వు ఆపుకోవడానికి ఫోను తీసి చూసుకున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. నోట మాట రాక బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చి ఆ పదకొండో పేజీ భూతద్దం పెట్టి చదివాను. ‘జీవితకాల వారంటీ’ షష్ఠీ తత్పురుషం. ఎవరి జీవితకాలం అన్నది విగ్రహవాక్యంలో తేలాలి. పుస్తకం చెప్పిన విగ్రహవాక్యం ఇది: మొదటి యజమాని దగ్గర ఉన్నంతకాలం, పదేళ్లు లేదా లక్షన్నర కిలోమీటర్లు, ఏది ముందైతే అది. క్లచ్ అరిగే వస్తువు కాబట్టి రాదు. ఆయిలు, సీళ్లు, లేబరు రావు. నా విద్యార్థి ఎవరైనా జీవితకాలానికి ఈ అర్థం రాస్తే సున్నా వేసేవాడిని.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే అక్కడా ఇదే కథ అన్నాడు. డీలర్లు ఉచితమంటూ ఇస్తారట, ఒక్క సర్వీసు రశీదు పోయినా చేతులెత్తేస్తారట. అక్కడి క్రైస్లర్ కార్ల కంపెనీ 2007లో తానే జీవితకాల వారంటీ ఇచ్చింది. అయిదేళ్లకోసారి తనిఖీ చేయించకపోతే చెల్లదని షరతు పెట్టింది. 2009లో దాన్ని ఎత్తేసింది.

అప్పుడు మా ఆవిడ ఒక మాట అడిగింది. “2021 జూన్‌లో లాక్‌డౌన్ కదా, వాళ్లే తలుపులు మూసుకున్నారు కదా?” నిజమే! మే 12న మొదలైన లాక్‌డౌన్ జూన్ 19 దాకా నడిచింది. సడలింపు వేళల్లో నేను ఫోన్ చేస్తే, “సిబ్బందికి కోవిడ్, ఎత్తేశాక రండి సార్” అన్నది వాళ్లే. చాలా కార్ల కంపెనీలు అప్పుడు వారంటీ, ఉచిత సర్వీసుల గడువు పొడిగించాయి. వీళ్ల సొంత ప్యాకేజీకి మాత్రం ఆ పొడిగింపు లేదట.

ఇదంతా ఒక పేజీలో రాసి, మర్నాడు 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వేయాల్సిన ఫిర్యాదు కూడా సిద్ధం చేసి, ఒక ప్రతి వర్క్‌షాపు మేనేజర్ బల్ల మీద పెట్టాను. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. నా తెలుగు చూసి భయపడ్డాడో, 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సక్రమంగా సాగుతోందా అని చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసిన సంగతి రాశానని భయపడ్డాడో తెలియదు. ఆ ఉత్తర్వులో, బయటి మెకానిక్ దగ్గరికి వెళ్తే వారంటీ పోతుందనే షరతును కూడా కమిషన్ తప్పుపట్టింది. మూడో రోజు ఫోన్ వచ్చింది. “మీ విషయం ప్రత్యేకంగా పరిశీలించి ఒప్పుకున్నాం సార్.” ప్రత్యేకంగా ఏమిటి, లాక్‌డౌన్ నాకొక్కడికే పెట్టారా?

బిల్లు 61,000. వారంటీ కింద అందులో తగ్గింది 27,300. కట్టిన 26,500 తీసేస్తే ఆరేళ్లలో నాకు మిగిలింది 800 రూపాయలు. వారంటీ పోతుందన్న భయంతో ప్రతి సర్వీసూ అక్కడే, బయటికంటే రెండున్నర వేలు ఎక్కువిచ్చి చేయించాను. అలాంటివి ఎనిమిది. ఆ లెక్క మా ఆవిడకు చెప్పలేదు.

ఈ ఉదయం కాల్ సెంటర్ అమ్మాయి ఫోన్ చేసింది. “మా సేవకు పదికి పది ఇవ్వండి సార్” అని. నాలుగు వేశాను. ఎందుకు తగ్గించారని అడిగింది. పదకొండో పేజీ చదవమన్నాను.